మెలాస్ ముందు దిగాలి

ఫ్లరెట్ గొవ్రో గారిని తలుచుకోకుండా మా ఇంట్లో జూలై ఒకటో తేదీ గడవదు. పేపర్లో పడేంత ఘనకార్యమేదీ ఆవిడ చెయ్యలేదు. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు, భర్త ఒరేల్ పోయాక మరికొన్నాళ్ళు కెనడాలో మా హల్ ఊళ్ళోని కాగితం మిల్లులో కట్టలు కట్టింది. ఆయన మిగిల్చిపోయిన మూడంతస్తుల ఇటుక ఇంట్లో కింద తనుండి, పై రెండు వాటాలూ అద్దెకిచ్చుకుంది. శనివారం సాయంత్రాలు రేడియోలో హాకీ వినేది. మన జట్టు ఓడిపోతే ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేది. మనిషి పొట్టి, మాట పొడుగు. ఈ జన్మలో నేను ఎవరికైనా రుణపడి ఉన్నానంటే ఆవిడకే. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఆయన తెలివి గురించి చెప్పాలి.

మాది నదికి అవతలి ఒడ్డు, ఒట్టావా. నాకు హల్‌లో ఆస్పత్రి వంటశాలలో ఉద్యోగం దొరికింది. ఇవతల అద్దెలూ తక్కువే కాబట్టి వచ్చేద్దామనుకున్నాం. ఫ్లరెట్ గారి పై వాటా చూడగానే నచ్చింది. వంటింటి కిటికీలోంచి నది కనిపిస్తుంది. తీరా ఒప్పందం కాగితం చదివితే, చివర ఆవిడ స్వహస్తాలతో ఒక ముక్క రాసి ఉంది: జంతువులను పెంచరాదు.

మాకు మెలాస్ అనే కుక్క ఉంది. ఫ్రెంచిలో ఆ పేరుకి బెల్లప్పాకం అని అర్థం. ఒంటి రంగూ అదే, నడకా అదే. పిలిస్తే పాకం సాగినంత నిదానంగా వచ్చేది. మా అమ్మ పోయిన ఏడాది నేను మంచం దిగకుండా పడి ఉంటే, నా కాళ్ళ మీద తల పెట్టుకుని అదీ దిగలేదు. చివరికి నన్ను మళ్ళీ వీధిలోకి లాక్కొచ్చింది ఆ కుక్కే. దాన్ని వదిలి నేను స్వర్గానికైనా వెళ్ళను.

మా ఆయన రేయాల్ మోచేతి మీద గిల్లాను. ఆయన నాకేసి కన్ను గీటి సంతకం పెట్టేశాడు.

"కుక్క ఉందని చెప్పవేం?" అన్నాను వీధిలోకి వచ్చాక.

"ఆ ముక్క చెల్లదే పిచ్చిదానా! జంతువులు వద్దని ఎంత లావు అక్షరాలతో రాసుకున్నా చట్టం పట్టించుకోదు. పాపం, ముసలావిడ సరదా పడి రాసుకుంది. పోనీలే."

ఒట్టావాలో ఆ మాట నిజమే. మా పాత వీధిలో ప్రతి అద్దె కాగితంలోనూ ఆ ముక్క ఉండేది, ప్రతి ఇంట్లోనూ కుక్క ఉండేది. పైగా మా ఆయనకి తెలియని చట్టం లేదు. కావాలంటే ఆయన్నే అడగండి.

జూలై ఒకటిన హల్‌లో ఊరు ఊరంతా ఇల్లు మారుతుంది. అందరి అద్దె గడువులూ ఒక్కసారే తీరతాయి. ఏ మెట్ల మీద చూసినా పరుపులు, ఏ మలుపులో చూసినా ఫ్రిజ్‌లు. మా లారీ ఆగగానే మెలాస్ తాపీగా కిందికి దిగింది. ఫ్లరెట్ గారు ఇనుప మెట్ల మొదట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అదేంటి?"

"కుక్కండీ," అన్నాడు రేయాల్.

"ఆవు కాదని నాకూ తెలుసు. నా కాగితంలో ఏం రాసుంది?"

"ఆ ముక్క చెల్లదు మేడమ్," అన్నాడు చంటిపిల్లను సముదాయిస్తున్నట్టు.

"వంతెనకి అవతల చెల్లదు. ఇవతల వేరే రాష్ట్రం, చెల్లుతుంది. దారిలో ఒక నది తగిలింది, చూసుకోలేదా అబ్బాయ్?"

నడిమి వాటాలో ఉండే టాక్సీ డ్రైవరు లొరియే పిలోన్ పైనుంచి పకపకా నవ్వాడు. "నిజమేనయ్యా! మా బావమరిది పిల్లిని ఆ ముక్క చూపించే గెంటేశారు."

అక్కడితో ఊరుకుంటే ఆయన మా ఆయనెందుకవుతాడు? "పోనీ, కుక్క కోసం డిపాజిట్ కడతాను. బ్రిటిష్ కొలంబియాలో మా చెల్లెలు అలాగే సగం నెల అద్దె కట్టింది. ఏమన్నా పాడుచేస్తే అందులోంచి పట్టుకోండి."

"నన్ను కోర్టు మెట్లెక్కించాలనా? ఇక్కడ డిపాజిట్ పుచ్చుకోవడమే తప్పు. కుక్కకైనా అంతే, మనిషికైనా అంతే."

"కాల్గరీలో మా బాబాయి కొడుకు తిరిగిరాని ఫీజు కట్టి..."

"అయితే కాల్గరీ వెళ్ళు. లారీ సిద్ధంగానే ఉందిగా. మీరిద్దరూ రావచ్చు, అది రావడానికి వీల్లేదు." లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

చూడండి మరి. కుక్క అదే, తోకా అదే. ఒకచోట వద్దనడానికి ఇంటివాళ్ళకి హక్కు లేదు. ఇంకోచోట డబ్బు కడితే నోరెత్తరు. ఇక్కడేమో వద్దనొచ్చు గానీ, డబ్బు పుచ్చుకుని సరేననడానికి లేదు. డబ్బు దారి మూసేశాక ఇక మిగిలింది నమ్మకం. దాన్ని మా ఆయన వస్తూ వస్తూనే పోగొట్టుకున్నాడు.

ఒట్టావా ఇంటి తాళాలు ఇచ్చేశాం. వంతెన మీద చూస్తే దేశం పుట్టినరోజు పండుగ జనం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేయాల్ పేవ్‌మెంటు మీద దించిన మా సోఫాలోనే కూలబడ్డాడు.

"కొన్నాళ్ళు ఎవరి దగ్గరైనా ఉంచుదామే," అన్నాడు.

"నువ్వుండు వెళ్ళి, ఎవరి దగ్గరైనా," అన్నాను. ఏడుపొచ్చేసింది.

లొరియే గిన్నెతో నీళ్ళు తెచ్చి మెలాస్ ముందు పెట్టాడు. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ఆవిడకి కుక్కలంటే పడక కాదమ్మా. రెండేళ్ళ కిందట మీ వాటాలో ఒకడుండేవాడు. ఇదే రోజున సామానంతా లారీకెక్కించుకుని, కుక్కని వంటింటి గొళ్ళేనికి కట్టేసి చక్కాపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఆవిడే విప్పి కిందికి తెచ్చుకుంది. మాంసం పెట్టింది, చేత్తో తినిపించబోయింది. అది వింటేనా? ఆవిడ గడప మీద గడ్డం ఆనించి వీధిలోకి చూస్తూ పడుకునేది. లారీ చప్పుడైతే లేచేది. ఆకులు రాలేదాకా చూసి చూసి పోయింది. ఆ తర్వాతే ఆ ముక్క రాయడం మొదలుపెట్టింది."

నేను లేచి వెళ్ళి ఆవిడ తలుపు తట్టాను. ఏం మాట్లాడాలో తెలియదు. ఆవిడ తలుపు తీసేలోగా మెలాస్ నా వెనకాలే వచ్చింది. నీడగా ఉందనో ఏమో, గడప మీద గడ్డం ఆనించి పడుకుంది.

"అక్కడొద్దు! దాన్ని అక్కడ పడుకోనివ్వకు!" అని అరిచింది ఫ్లరెట్ గారు. ఆ గొంతులో కోపం లేదు.

"లొరియే చెప్పాడండీ," అన్నాను.

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"మేం దీన్ని వదిలిపెట్టం మేడమ్. ఇది లేకపోతే నేను ఇవాళ ఇలా నిలబడి ఉండేదాన్నే కాదు. మీరు వద్దంటే లారీలోనే పడుకుంటాం, ముగ్గురమూ."

ఆవిడ చాలాసేపు మెలాస్‌నే చూసింది. తర్వాత నా భుజం మీదుగా సోఫాలో దిగాలుగా కూర్చున్న మా ఆయన్ని చూసింది.

"ఇదిగో అమ్మాయ్, ఒక్క షరతు. మీరు ఈ ఇల్లు వదిలి వెళ్ళే రోజున మొదట కుక్క దిగాలి. మంచం కంటే ముందు, పొయ్యి కంటే ముందు. నేను ఇక్కడే నిలబడి చూస్తాను."

రేయాల్ ఒక్క ఉదుటున వచ్చాడు. "అలాగేనండీ! ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమంటారా?"

"వద్దులే నాయనా. నీ సంతకం విలువ ఇప్పుడే చూశాను."

ఆ పూట మా అందరికీ బఠాణీ సూపు పోసింది. ఉడికిపోయే ఎండలో వేడి వేడి సూపు! అంత రుచైన తిండి నేను మళ్ళీ తినలేదు.

ఆ ఇంట్లో చాలా ఏళ్ళున్నాం. చలికాలం మంచు కరగడానికి మెట్ల మీద ఉప్పు చల్లితే మెలాస్ పాదాలు మండుతాయని ఫ్లరెట్ గారు ఇసుక తెప్పించి చల్లించేది. నాకు ఆపరేషన్ అయినప్పుడు దాన్ని తనే తిప్పుకొచ్చింది. "నీ కుక్క తిండిపోతు, నిన్ను మరిచిపోయింది" అని బెంగ తీర్చడానికి ఆస్పత్రికి ఫోన్ చేసేది. అది గడప దగ్గరికి వెళ్తే చాలు, "లోపలికి రా, లోపలికి" అంటూ రగ్గు మీదికి లాగేది. గడప మీద మాత్రం ఒక్కరోజు కూడా పడుకోనివ్వలేదు. మా ఆయన తప్పుకి ఆవిడ చట్ట ప్రకారం మమ్మల్ని వీధిలో నిలబెట్టొచ్చు. అలా చెయ్యకపోగా, నాకు అమ్మ లేని లోటు తీర్చింది. ఇది నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

చివరికి ఏల్మర్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. అప్పటికి మెలాస్‌కి వెనక కాళ్ళు పడిపోయాయి. వాళ్ళూ వీళ్ళూ రేయాల్‌కి మెల్లగా చెప్పి చూశారు, ఇల్లు మారేలోగానే దాన్ని సూదితో నిద్రపుచ్చమని. "నొప్పి ఉంటే అలాగే చేద్దును. లేదన్నాడు డాక్టరు. నేను ఒకావిడకి మాటిచ్చాను," అన్నాడు మా సర్వజ్ఞుడు. ఆ రోజు ఆయన మీద నాకున్న పాత కోపాలన్నీ పోయాయి.

జూలై ఒకటిన లారీ వచ్చింది. సామాను దింపేవాళ్ళు మంచం ఎత్తబోతే రేయాల్ చెయ్యి అడ్డంపెట్టాడు. మెలాస్‌ని దుప్పటితో సహా రెండు చేతుల్లోకి ఎత్తుకుని, ఇనుప మెట్లు ఒక్కొక్కటే దిగాడు. కింద ఫ్లరెట్ గారు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికి ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. దగ్గరికి రమ్మని చెయ్యి చాపింది.

చెవులు తడిమింది. మూతి తడిమింది. మెలాస్ ఆవిడ వేళ్ళు నాకి, తలుపు వైపు మెడ సాచింది. అలవాటైన చోటు కదా, దింపమని గునిసింది.

"ఎక్కడికే? నీకిక్కడేం పని?" అంది ఫ్లరెట్ గారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "నీవాళ్ళు నిన్ను ఎత్తుకుని నిలబడ్డారు. వెళ్ళు."

ఆ తర్వాత తల పైకెత్తి కూలీల్ని కేకేసింది. "ఆఁ, ఇక మంచం దించండి."