అంకె నిలబడేదాకా

మొన్న మా వీధి సభలో ఎవరో పాడబోతూ మైకు ముందు గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ చప్పుడుకు నా కుడి బొటనవేలు దానంతట అదే వంగింది. నొక్కడానికి చేతిలో మీట లేదు. పక్కన సుగుణ టీచరమ్మ కూడా లేరు. ఆమె పోయి రెండేళ్లయింది.

టీచరమ్మది మా పక్కిల్లు. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. నేను వరంగల్ పత్తి మార్కెట్లో కాంటా దగ్గర తూకం చదివి చెప్పేవాణ్ణి. ఏడో తరగతితో చదువు ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇటలీ నుంచి దేశం తిరగడానికి వచ్చిన ఒక చిన్న బృందాన్ని, తమ హాస్య ఒపెరాను ఒక సాయంత్రం మా ఊళ్లో ఆడమని ఆమె పట్టుబట్టి ఒప్పించారు. అందులో మాటలన్నీ పాటలే, అన్నీ వాళ్ల భాషలోనే. వాటిని ఆమె తెలుగులో రాసి, వేదిక పైన తెర మీద ఒక్కో వాక్యం పడేలా ఏర్పాటు చేశారు. మీట నొక్కే పని నాకు అప్పగించారు.

"నాకు సరిగమలు గూడ రావు టీచరమ్మా."

"అందుకే పిలిచిన సాంబయ్యా. సంగీతం తెలిసినోళ్లు పాటల పడి మీట మర్చిపోతరు. నాకు లెక్క తప్పనోడు గావాలె."

హాలు కార్యదర్శి ఆమె ముఖం మీదే అన్నాడు, "మనోళ్లు పది నిమిషాలు గూడ కూసోరు మేడమ్" అని. "కూసుంటరు. నవ్వుతరు గూడ" అన్నారామె. అంతటితో ఊరుకోక, ముందు మూడు వరుసలు మా మార్కెట్ హమాలీలకే ఇప్పించారు. వాళ్లు మధ్యలో లేచిపోతే ఆమె మాట పోతుంది.

మొత్తం నాలుగు వందల పన్నెండు వాక్యాలు. రికార్డింగు వింటూ, పియానో దెబ్బలు లెక్కపెట్టి, ఏ వాక్యం ఎన్నో దెబ్బకు వేయాలో నోటుబుక్కులో రాసుకున్నాను. మనవాళ్లు చదువుకోవడానికి సమయం కావాలని ప్రతి వాక్యమూ రెండు దెబ్బలు ముందే పడేలా రాసుకున్నాను. పొద్దున రిహార్సల్లో హాలు ఊడ్చే లచ్చవ్వ తెర చదివి పకపకా నవ్వింది. గాయకుడు ఇంకా నోరే తెరవలేదు. పాపం, తన బట్టల్లో ఏదో తేడా ఉందనుకుని కిందికి చూసుకున్నాడు.

"కాంటా మీద అంకెలు ఆడుతాంటెనే తూకం చెప్తవా?" అన్నారు టీచరమ్మ.

"చెప్పను."

"మరి ఈడెందుకు ఆగమైతవ్?"

మధ్యాహ్నం అన్నం మానేసి నాలుగు వందల పన్నెండూ దిద్దాను.

కథలో ఒక ముసలి వైద్యుడు పడుచుపిల్లను పెళ్లాడాలని జుట్టుకు రంగేసుకుంటాడు. సాయంత్రం ఆటలో, రెండో అంకంలో ఆయన "నాకింకా ముప్పై నిండలేదు" అని పాడాలి. పియానో ఆగింది. నా పుస్తకం ప్రకారం ఎనిమిది లెక్కపెట్టాక పాట. ఎనిమిది అయింది, ఆయన పాడలేదు. చెమటకు రంగు నిజంగానే కారి కనుబొమ్మ మీదికి వచ్చింది. తీరిగ్గా జేబురుమాలు తీస్తున్నాడు. తొమ్మిది. పది. నా వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. "ఇగ పోదామా?" అన్నారెవరో. నా వేలు మీట మీదికి పోయింది. టీచరమ్మ నోటుబుక్కు మీద అరచెయ్యి పెట్టారు.

"అంకె నిలబడనీ. ఆయన ఛాతి చూడు."

అంతసేపటికి మొదటిసారి తలెత్తి మనిషిని చూశాను. ఛాతి పొంగింది. నొక్కాను. గొంతూ వాక్యమూ ఒకేసారి పడ్డాయి. వెంటనే మా హమాలీ ఐలయ్య గొంతు, "ఓ తాతా, మొగమంత నల్లగైతాంది సూస్కో!" హాలంతా గొల్లుమంది. భాష తెలియకపోయినా ఆ గాయకుడు రుమాలు ఊపి ఐలయ్యకు దండం పెట్టాడు. ఆఖరిదాకా ఒక్కరూ లేవలేదు.

ఆటోలో ఇంటికి వస్తూ టీచరమ్మ అడిగారు, "ఎన్నిసార్లు నవ్విన్రు?"

"ముప్పై ఒకటి."

"ముప్పై రెండు. ఒకసారి నువ్వు గూడ నవ్వినవ్, లెక్కల ఏసుకోలే."

ఇప్పటికీ కాంటా దగ్గరే ఉన్నాను. బస్తా ఎక్కించగానే ఎర్ర అంకెలు పైకీ కిందికీ ఆడతాయి. ఒక్కోసారి రైతుకు తొందర. "ఏందన్నా, నిద్రవోయినవా?" అంటాడు. నేను అతని వైపు చూస్తాను. అతనూ ఊపిరి బిగబట్టే ఉంటాడు.

"జర ఆగు తమ్మీ, నిలబడనీ" అంటాను.