పాట ఇల్లు చేరిందా?

ఆ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లలో ఒక్కరికి కూడా దగ్గు లేదు. ఈ మాట నేను నా చేత్తో, ఒక్కో ఫారం మీదా విడివిడిగా రాశాను. రాస్తున్నంతసేపూ వాళ్లు నా చుట్టూ దగ్గుతూనే ఉన్నారు.

గుంటూరు ఊరి చివర, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పక్కన ఉన్న రేకుల షెడ్డు అది. లోపల ఎండుమిరప గుట్టలు, వాటి చుట్టూ పీటలేసుకుని ముక్కులకు కొంగు చుట్టుకున్న ఆడవాళ్లు. కాయ అందుకోవడం, తొడిమ గిల్లడం, పక్కన పడేయడం. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా అదే పని. మొదటి రోజు నేను పట్టుమని పది నిమిషాలు నిలబడలేక కళ్లూ ముక్కూ కారుతూ బయటికి పరిగెత్తాను. వెనక నుంచి నవ్వులు వినిపించాయి. నాకు ఒళ్లు మండింది, మిరప ఘాటుకు కాదు.

నేను కాబోయే టీచర్లకు సంగీతం చెబుతాను. నా పరిశోధన చదువుకూ ఆరోగ్యానికీ సంగీతానికీ మధ్యలో ఎక్కడో పడింది. మా చిన్నాన్న ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు అడుగుతాడు: "ఇంతకీ నువ్వు పాఠం చెప్తావా, సూదేస్తావా, కచేరీ చేస్తావా?" నేను తేల్చుకోవాలనుకున్నది ఒకటే. ఏళ్ల తరబడి ఘాటులో బతికేవాళ్లకు ఊపిరి పట్టి పాడడం నేర్పితే వాళ్ల ఊపిరితిత్తులకు మేలు జరుగుతుందా అని. "నేర్పితే" అని రాసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

వాళ్లు అప్పటికే పాడుతున్నారు. వెనక గోడకు ఆనుకుని కూర్చునే ఒకావిడ పాట ఎత్తేది, మిగతావాళ్లు అందుకునేవారు. యాభై దాటిన మనిషి. ఆదివారాలు వాళ్ల ఊరి చర్చిలోనూ పాట ఎత్తేది ఆవిడేనట. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "మేడంగారూ" అనేది, ఆ గారులో కాస్త వెటకారం కలిపి. షెడ్డులో ఎక్కువగా పాడే పాట వాళ్లమ్మ కట్టిందని చెప్పింది.

"ఎర్రాని కల్లంలో ఏరేటి కోడలా, ఎండ వాలేదెప్పుడే, ఇల్లు చేరేదెప్పుడే."

అంతే పాట. తిప్పి తిప్పి అదే. కాయలు ఏరే పనికాలం పొడుగునా నెలకోసారి వెళ్లి రికార్డు చేసుకునేదాన్ని.

నా పరిశోధనకు సాయపడుతున్న ఛాతీ డాక్టరుగారు ఒకరోజు ఫారాలన్నీ తిరగేశారు. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట విన్నారు.

"పాట బాగుందమ్మా. వెనకాల దగ్గుతున్నదెవరు?"

"ఎవరికీ దగ్గు లేదండీ. ఫారాల్లో రాశాను, చూడండి" అన్నాను.

అన్నాకగానీ ఏమన్నానో నాకే తెలియలేదు. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మర్నాడు షెడ్డుకు వెళ్లి అందరి మీదా అంతెత్తున లేచాను. అబద్ధాలెందుకు చెప్పారని అడిగాను. వాళ్లు నన్ను వింతగా చూశారు.

"అబద్ధమేముందండీ? ఇది దగ్గు కాదుగా, ఘాటు" అంది తలుపు పక్కన కూర్చునే బక్కపలచటి ఆవిడ. "దగ్గంటే రగతం పడేది. ఘాటంటే ఇంటికెళ్లి నీళ్లోసుకుంటే తగ్గేది. మాకు దగ్గుందని మీరు రాసుకెళ్తే మేస్త్రి రేపట్నించి రావద్దంటాడు. అప్పుడు మీరు పనిప్పిస్తారా?"

తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి అక్క గొంతు వినిపించింది. "దగ్గు సంగతి అడగమాకండి మేడంగారూ. ఎవుర్నడిగినా లేదనే అంటారు. పాట ఇల్లు చేరుద్దా అని అడగండి. నిజం చెప్తారు."

ఆ పాటంతా ఒక్క ఊపిరిలో పాడాలి. "ఇల్లు చేరేదెప్పుడే" దాకా ఊపిరి ఆగితే పాట ఇల్లు చేరినట్టు. మధ్యలో తెగితే, ఎక్కడ తెగిందో ఆ మాటే చెబుతారు. "దానిది ఎండలో ఆగింది" అంటారు. "నిన్న ఇల్లు చేరింది, ఇయ్యాల గడపలో పడింది" అని ఆటపట్టిస్తారు. కానీ ఎవరి పాటైనా "కోడలా" దగ్గరే తెగిందంటే ఇక నవ్వరు. ఆమె పీట తీసుకెళ్లి తలుపు పక్కన, గాలి తగిలే చోట వేస్తారు. ఎవరూ ఏమీ అనరు, మేస్త్రికి చెప్పరు. అక్క వాళ్లమ్మ రోజుల నుంచీ అదే పద్ధతి.

నేను షెడ్డంతా కొత్తగా చూశాను. ముందొచ్చినవాళ్లు తలుపు దగ్గర కూర్చుంటారని అన్నాళ్లూ అనుకున్నాను. ఆ పీటల వరస ఊపిరి వరస. తర్వాత డాక్టరుగారు ఊపిరి కొలిచే ఊదుడు గొట్టం తెచ్చి అందరిచేతా ఊదించారు. పాటెత్తే గొంతుకు గొట్టమెందుకని అక్క మాత్రం ఊదలేదు. గొట్టం చూపిన అంకెలూ పీటల వరసా సరిపోయాయి. "మనం వీళ్లకి నేర్పేదేముందమ్మా" అన్నారాయన, ఆ కాగితం నా చేతికిస్తూ. ఏ అక్షరం ముక్కా అక్కర్లేకుండా, ఎవరి పరువూ తీయకుండా, ఎవరి కూలీ పోగొట్టకుండా నడుస్తున్న ఆసుపత్రి అది. అంత గొప్ప పనిని అంత మామూలుగా చేసేవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు.

నన్నూ పాడమన్నారు. ఇన్నేళ్ల సాధన, ఇన్ని కచేరీలు. ఆ ఘాటులో గుక్క పట్టి పాడితే "ఎండ" దగ్గర గొంతు పట్టేసింది.

"సంగీతం మేడంగారు ఎండలోనే పడిపోయారే!" అని షెడ్డు షెడ్డంతా విరగబడి నవ్వింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి నెలనెలా చేసిన రికార్డులు వరసగా పెట్టుకుని విన్నాను. ఈసారి పాట కోసం కాదు, ఎక్కడ తెగుతోందో వినడానికి. తర్వాత అక్క గొంతు ఒక్కటే పట్టుకుని మళ్లీ విన్నాను. మొదటి నెల ఆవిడ "ఇల్లు" దాకా వచ్చింది. తర్వాతి నెల "వాలేదెప్పుడే" దగ్గర ఆగింది. ఆపైన "ఎండ". చివరి రికార్డులో "కోడలా" అంటూనే తెగింది. మరి ఇన్నాళ్లూ నాకెందుకు వినపడలేదంటే, తెగే చోటు రాకముందే ఆవిడ చేయి ఊపి మిగతావాళ్లను అందుకోమనేది. గుంపు గొంతులో ఆవిడ ఊపిరి దాక్కునేది.

షెడ్డులో తలుపుకు అందరికన్నా దూరంగా కూర్చునేది ఆవిడే.

అన్నం వేళకు వెళ్లి పక్కన కూర్చున్నాను. ఫోన్లో నాలుగు రికార్డులూ వినిపించాను. ఆవిడ గోంగూర కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని విన్నది. ముద్ద అలాగే గిన్నెలో పెట్టేసింది.

"నాకు తెలుసు అమ్మాయ్" అంది. అమ్మాయ్ అనడం అదే మొదటిసారి.

"మరి తలుపు దగ్గరికి రావేం అక్కా?"

"ఆ గోడ పక్కన కూసుంటేనే అందరి గొంతూ ఇనపడుద్ది. నేనటు పోతే ఎవరిది ఎక్కడ తెగిందో ఇనేదెవరు? మా అమ్మా అక్కడే కూసునేది."

"అమ్మకేమైంది?"

"'కల్లంలో' అన్నకాడ తెగిందాకా ఎవరికీ చెప్పలా. ఆ యేడే పోయింది." నా చేయి పట్టుకుంది. మిరపకాయల్లో నలిగిన చేయి, వేడిగా ఉంది. "నువ్వు కూడా ఎవరికీ చెప్పమాక."

చెప్పనని మాటిచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. ఇంకో రెండు మాటలు వెనక్కి నడిస్తే ఆవిడ వాళ్లమ్మ ఆగిన చోటికి చేరుతుంది. నా దగ్గర రుజువు ఉంది, మాట కూడా ఉంది, నోరు లేదు. ఆ వారమంతా క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచాను.

మళ్లీ వెళ్లేసరికి షెడ్డు మామూలుగానే ఉంది. అక్క గోడకు ఆనుకుని పాట ఎత్తింది. "ఎర్రాని కల్లంలో ఏరేటి..." చేయి ఊపింది.

ఎవరూ అందుకోలేదు.

తొడిమలు గిల్లే చప్పుడు కూడా ఆగిపోయింది. "కోడ..." అని అక్క గొంతు తెగి, వెంటనే దగ్గొచ్చింది. ఘాటు కాదది, దగ్గే. చాలాసేపు దగ్గింది. దాక్కోవడానికి ఒక్క గొంతు కూడా లేదు.

"ఏందే, అందుకోరే?" అని అరిచింది, ఊపిరి చిక్కించుకుని. ఆవిడ నా వంక చూసిన చూపుకు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"మేడంగారేం చెప్పలేదక్కా" అంది తలుపు పక్కన కూర్చునే బక్కపలచటి ఆవిడ. "మాకు చెవుల్లేవా? నీ కాడ నేర్చుకున్నయ్యేగా." తన పీట తీసుకుని లేచింది. గుట్టల మధ్యలోంచి నడిచి వచ్చి గోడ దగ్గర నిలబడింది. "నాకిప్పుడు ఎండ దాటుతోంది. నేనిక్కడ కూసుని ఇంటాలే. నువ్వు లే."

అక్క వాదించింది, తిట్టింది, ఏడ్చింది. వాళ్లు కాయ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నారు. చివరికి తన పీట తానే మోసుకుని తలుపు దగ్గరికి నడిచింది. నేను ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆ వారమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. క్షయ కాదన్నారు. పీల్చే మందు ఇచ్చి, దుమ్ముకు దూరంగా ఉండమన్నారు. ఎంత నయమవుతుందో చెప్పలేనని కూడా అన్నారు.

ఫారాల్లోంచి దగ్గు ప్రశ్న తీసేశాను. దాని చోట "పాట ఇల్లు చేరుతోందా? లేకపోతే ఏ మాట దగ్గర తెగుతోంది?" అని రాశాను. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి తీసుకున్నావని ఇప్పటికీ సెమినార్లలో అడుగుతారు.

మిరప పని అయిపోయి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కాలేజీ వరండాలో ఉన్నాను, చుట్టూ పిల్లల గోల.

"అమ్మాయ్, కాయితం ఉందా? రాసుకో" అంది అక్క.

హలో అనే లోపే పాట ఎత్తింది. కోడలా దాటింది. ఎండ దాటింది. "వాలేదెప్పుడే" దగ్గర గొంతు వణికింది గానీ తెగలేదు. "ఇల్లు..." అని సాగదీసింది. అక్కడ ఆగిపోయింది. అటువైపు ఆయాసం వినిపిస్తోంది.

"ఇంటి దాకా వచ్చా" అంది, ఆయాసంలోనే నవ్వుతూ. "ఇంకా లోపలికి పోలా. అట్టాగే రాయి."

అలాగే రాశాను.