సూరత్‌కు బొడ్రాయి

బిక్షపతి నోట్లోంచి నిజం బయటికి రావాలంటే ముందుగా నాలుగు అబద్ధాలు వచ్చి దారి ఊడ్చి, కళ్లాపి చల్లి పోవాలి. సూరత్‌లోని నవాగామ్‌లో తెలుగువాళ్లుండే ఆ గల్లీలో ఈ సంగతి పాలవాడికి కూడా తెలుసు. జనగామ దగ్గరి పల్లె నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చాడు. ఇక్కడి కరెంటు మగ్గాలు, వాళ్ల మాటలో సాంచెలు, నడిపి నడిపి ఒక చెవి పోగొట్టుకున్నాడు. రెండోది సగమే పనిచేస్తుంది. ఎదుటివాళ్లు చెప్పేది సరిగ్గా వినపడదు గనుక, వాళ్లకు మాట్లాడే సందు ఇవ్వకుండా తానే మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు.

తాపీ నదికి పెద్ద వరద వచ్చిన ఏడు ఒక బర్రె మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయిందట. నీళ్లు తీశాక ఎంత బతిమాలినా దిగనందట. చివరికి ఆ ఇంటివాళ్లే కిందికి మారి దాన్ని పైన ఉండనిచ్చారట. ఆ వరదను కళ్లారా చూసినవాళ్లు కూడా ఈ కథను నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఒక పతంగుల పండుగనాడు మాంజా వేలికి చుట్టుకుని తాను తాపీ అవతలి ఒడ్డున దిగాడట. తిరిగి రావడానికి మాత్రం బస్సెక్కాడట. గాలి ఎదురుగా ఉందట.

అన్నింటికన్నా ఆయనకు ఇష్టమైన గప్ప సూరత్ గురించినది.

"ఈ ఊరు ఆడిది రా. ఉత్త ఊరనుకునేరు. పొద్దుగాల అలుగుతది, పగటీలి మంచిగ తింటది, పొద్దుగూకినంక కొత్త చీర కట్టుకుంటది. దానికి మనసైతెనే మనకు పని. మనసు గాలేదనుకో, సేఠ్ కాళ్ల మీద పడ్డా దొరకది!"

అనేవాడు, మరుక్షణం మరిచిపోయేవాడు. ఆయన లెక్కలో సూరత్ అంటే కార్ఖానాలు, గల్లీలు, ఆదివారం డూమస్ సముద్రపు ఒడ్డున బజ్జీలు. ఊరికి మనసేమిటి, మట్టిగడ్డలు!

పక్క గదిలో ఉండే మార్కండేయ కూడా సాంచె మీద పనివాడే. అతని భార్య సంధ్యారాణికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్లకు తల్లి లేదు. అందుకని కాన్పు చూడడానికి అత్త కనకవ్వే ఊరి నుంచి వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా దేన్నో వెతుక్కుంటూ నడిచి, తిరిగొచ్చి గడపలో కూలబడేది.

"ఏం ఎతుకుతున్నవ్ వదినె? ఏమన్న పారేసుకున్నవా?" అని అడిగాడు బిక్షపతి.

"బొడ్రాయి యాడుంది మరిదీ ఈ ఊర్ల?"

పల్లెకు నడిమధ్య పాతిన రాయి బొడ్రాయి. ఊరికది బొడ్డు. ఊరికి ప్రాణం అందేది అక్కడి నుంచేనని నమ్మకం. ఎండలు ముదిరితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసి దాన్ని చల్లబరుస్తారు. ఊరికి కీడు తగిలిందనుకుంటే కట్టడి చేస్తారు. ఆ కట్టడి తీసేదాకా ఎవరూ పొలిమేర దాటకూడదు.

"గింత పెద్ద శహరుకు బొడ్రాయేంది వదినె?"

"గదే అంటున్న. బొడ్డు లేని ఊరు పానం లేని ఊరు. పీనుగు పక్కన కూసున్నట్టున్నది నాకు. గిసొంటి కాడ ఆ పిల్ల ఇంకో పానానికి ఎట్ల జన్మనిస్తది? ఎల్లుండి బండికి మనూరికి తోలుకపోత."

డాక్టరమ్మ సంధ్యారాణిని రైలెక్కడం కాదు గదా, మెట్లెక్కడం కూడా వద్దంది. ఒంట్లో రక్తం తక్కువ, బీపీ ఎక్కువ. మార్కండేయ తల్లికి చెప్పి చెప్పి గొంతు పోయి, బిక్షపతి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"కాకా, నువ్వే ఏదన్న చెప్పు. నా మాట ఇంటలేదు అవ్వ. నీ మాటకైతె ఆగుతది."

గప్ప కొట్టమని బిక్షపతిని బతిమాలడమంటే ఏనుగుకు చెరుకుతోట చూపించడమే. అప్పటికప్పుడు కనకవ్వను గల్లీ మలుపులోని కరెంటు స్తంభం దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ సగం మట్టిలో దిగిన నల్లరాయి ఒకటి ఉంది.

"గిదే వదినె. ఓడలొచ్చే కాలంల మన సాలోళ్ల ముత్తాత ఒకాయన చీరల మూట నెత్తిన పెట్టుకుని గీడిదాక నడిచొచ్చిండు. అలుపు తీర్చుకుందామని పండుకుంటె భూమిలకెల్లి గుండె సప్పుడు! పానమున్నది, బొడ్డే లేదని గీ రాయి పాతిండు. పాతిన్నాడు సూరత్ క్యారుమని ఏడ్చిందట, పుట్టిన పిల్ల లెక్క."

కనకవ్వ మోకాళ్ల మీద కూర్చుని, రాయికి చెవి ఆనించింది. ఆ చుట్టుపక్కల సాంచెలు రాత్రీ పగలూ ఆగవు. వాటి దెబ్బకు నేల ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది.

"అవు మరిదీ! కొట్టుకుంటాంది!" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ పూట ఆమె కంచం నిండా అన్నం తిన్నది. రైలు సంగతి మళ్లీ ఎత్తలేదు. మార్కండేయ వచ్చి కాకా చేతులు పట్టుకున్నాడు. బిక్షపతి మీసం దువ్వుకుంటూ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి భార్య వెంకటవ్వ గడపలోనే నిలబడి ఉంది.

"ఏందయ్యా నువ్వు జేసిన పని? గా రాయేందో నాకు తెల్వదనుకున్నవా?"

ఆమెకు తెలుసు. అది బిక్షపతి నడిపిన పాత సాంచె అడుగున వేసిన రాయి. కొత్త మిషన్లు వచ్చాక పాతవాటిని తుక్కుకు తోలేస్తే, కూర్చోవడానికి పనికొస్తుందని ఆయనే దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి అక్కడ పడేశాడు. దాని మీద కూర్చుని ఏళ్ల తరబడి తంబాకు నమిలాడు.

"నమిలి యాడ ఉమ్మినవో కూడ తెలుసు నాకు," అంది వెంకటవ్వ. "ఇప్పుడామె దానికి పసుపు రాస్తాంది. ఏ మొకం పెట్టుకుని సూస్తవ్?"

"ఒక పిల్ల పానం కోసం చెప్పిన, తప్పేందే?" అని కొట్టిపారేశాడు.

మర్నాడు పొద్దున నల్లా వచ్చింది. కాసేపే వచ్చే ఆ నీళ్లలో మొదటి బిందె కనకవ్వ ఇంటికి తీసుకుపోలేదు, రాయికి తీసుకుపోయింది. కొబ్బరిపీచుతో ఆ ఎర్రటి మరకలు రుద్దుతూ బిక్షపతిని చూసి ఆగింది.

"సూడు మరిదీ, ఏ పాపిష్టోడు ఉమ్మిండో! వాని నోరు పడిపోను!"

"పడిపోను," అన్నాడు బిక్షపతి. ఆ పూట ఆయనకు టీ సయించలేదు. సాయంత్రానికి దవడపన్ను సలపడం మొదలైంది. తంబాకు డబ్బా తీసి అటక మీద పడేశాడు. నొప్పి మాత్రం తగ్గలేదు.

కొన్నాళ్లకు గల్లీలోని ఆడవాళ్లంతా నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ఒకనాడు సంధ్యారాణి, వాచిన పాదాలతో మెల్లగా నడిచి వస్తూ, "ఆ రాయి కాడ కూసుంటె లోపల పిల్ల ఎగురుతాంది మామా. మీరు సూపెట్టకపోతె నేనీడ ఎట్లుంటుంటినో," అంది. బిక్షపతి వినపడనట్టు చెవి చూపించి దాటిపోయాడు. చెవిటితనం ఆయనకు అంతగా అక్కరకొచ్చిన రోజు మరొకటి లేదు. దారి మార్చి, ఆ మలుపు తగలకుండా చుట్టూ తిరిగి ఖాతాకు, అంటే సాంచెల కార్ఖానాకు, పోసాగాడు.

ఇంతలో ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. చుట్టుపక్కల ఖాతాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కనకవ్వ రాయికి చెవి పెట్టింది. సప్పుడు లేదు. గుండె బాదుకుంటూ లేచి, అందరినీ కేకేసి, గల్లీకి రెండు చివరలా పసుపునీళ్లు చల్లి కట్టడి చేసింది. మళ్లీ గుండె కొట్టుకునేదాకా ఎవరూ పొలిమేర దాటొద్దంది.

అప్పుడే సంధ్యారాణికి నొప్పులు మొదలయ్యాయి. మొహం ఉబ్బిపోయింది. కళ్ల ముందు మెరుపులు మెరుస్తున్నాయంటోంది. మార్కండేయ ఆటో తెచ్చి గల్లీ మొదట్లో నిలిపాడు. కనకవ్వ చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఊరి పానమే ఆగింది బిడ్డా! గిప్పుడు పొలిమేర దాటితె ఇద్దర్నీ మింగుతది. జర ఆగు!"

బిక్షపతి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. సంధ్యారాణి మొహం చూశాక కనకవ్వ కాళ్ల మీదికి వంగాడు.

"వదినె, నీ కాళ్లు మొక్కుత. అది బొడ్రాయి కాదు. నా సాంచె కింది రాయి. నేనే తెచ్చి పడేసిన. నువ్వు విన్నది గుండె కాదు, సాంచెల సప్పుడు. కరెంటు పోయింది, ఆగినయి. గంతే! తంబాకు ఉమ్మింది కూడ నేనే!"

కనకవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"గప్పాలు కొట్టే యాళ్లనా మరిదీ ఇది? సాంచెలు ఆగితె పానం ఆగలే. పానం ఆగితెనే సాంచెలు ఆగినయి. జరుగు."

"బిక్షపతన్న ఇప్పుడు గూడ షురూ జేసిండు," అని వెనక నుంచి ఎవరో కసురుకున్నారు. వెంకటవ్వ ముందుకొచ్చి, నిజమేనని ఒట్టు పెట్టినా, మొగుణ్ని వెనకేసుకొస్తోందన్నారు.

సంధ్యారాణి గోడకు ఆనుకుని జారిపోతోంది. బిక్షపతి కళ్లు తుడుచుకున్నాడు. ఇక చేతిలో ఉన్నది ఒక్కటే పనిముట్టు.

"సరే వదినె, నువ్వే గెలిచినవ్. బొడ్రాయే. మరి గల్లీ చివరనే పొలిమేర అని ఎవరు చెప్పిండ్రు నీకు? మనూరు బొడ్డంత ఊరు. ఇది సూరత్! బొడ్డు ఈడుంటె కడుపెంత దూరముంటదో నువ్వే చెప్పు. దవాఖాన దాని కడుపులనే ఉన్నది. పొలిమేర శానా దూరం, నేను సూసిన."

"ఒట్టు?"

"ఒట్టు."

"దేని మీద?"

బిక్షపతి మలుపు వైపు చెయ్యి చాపాడు. "బొడ్రాయి మీద."

కనకవ్వే కోడలి రెక్క పట్టుకుని ముందుగా ఆటో ఎక్కింది.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లి రెండు రోజులకు కళ్లు తెరిచింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్న మాట విన్నాక బిక్షపతి దవాఖాన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గల్లీ అంతా ఆయన్ని పొగిడింది. వెంకటవ్వ ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం ఆయనకు పన్నునొప్పి కంటే ఎక్కువగా సలిపింది. రైలెక్కకుండా ఆపింది తన గప్పే, ఆటో ఎక్కకుండా ఆపిందీ తన గప్పే. దేన్ని దేనితో చెల్లు వేయాలో తేలలేదు. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు బర్రె కథ చెప్పమంటే, "దిగిపోయింది," అని లేచి వచ్చేశాడు.

పిల్లను ఇంటికి తెచ్చాక కనకవ్వ కొబ్బరికాయతో ఆయన గుమ్మంలో నిలబడింది.

"పొలిమేర సూపెట్టు మరిదీ. దానికి మొక్కున్నది నాకు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఉధ్నా దాటాక ఏదో ఒక మైలురాయి చూపించి కొబ్బరికాయ కొట్టించేద్దామని బిక్షపతి ఆలోచన. రాయి వచ్చింది.

"గిదేనా?" అంది కనకవ్వ.

అబద్ధానికి నాలుక తిరగలేదు. "కాదొదినె."

పాండేసరా దాటింది. భేస్తాన్ దాటింది. ఖాతాలు, వాటి వెనక పెద్ద పెద్ద ఇళ్లు, మళ్లీ ఖాతాలు. చీరల మూటలు నింపుకున్న టెంపోలు, రోడ్డు పక్క రొట్టెలు కాల్చుకునే ఒడియావాళ్లు, బిహారువాళ్లు. ఆమె ప్రతిచోటా అడిగింది. ఆయన ప్రతిచోటా కాదన్నాడు. ఆటోవాడు వెనక్కి తిరిగి, "కాకా, ఔర్ కిత్నా?" అని ఇంకా ఎంత దూరమో అడిగాడు. సచిన్ అనే పేట వచ్చినా ఊరు అయిపోలేదు.

"అబ్బో, ఎంతమందిని మోస్తాంది కడుపుల," అంది కనకవ్వ బయటికి చూస్తూ.

"వదినె, నేను నీకు చెప్పిందంత..."

"మళ్ల షురూ జెయ్యకు. ఊరికి అంతు లేదు గని నా మోకాళ్లకున్నది. ఈడ్నే ఆపుమను."

రెండు షెడ్ల నడుమ కాస్త చెరుకు మిగిలిన చోట దిగారు. చెరుకు అవతల మళ్లీ ఏదో కడుతున్నారు. ఆమె మట్టి చదును చేసి ఒక రాయి పెట్టి, కొబ్బరికాయ ఆయన చేతికిచ్చింది.

"ఏమన్న అనుకుంట కొట్టు మరిదీ. ఉత్తగ కొట్టొద్దు."

కాయ చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు. నిజం వదినెకు చెబితే నమ్మదు. చెప్పాల్సిన పిల్ల ఇంటి దగ్గర పసిగుడ్డుతో పడుకుని ఉంది. ఎదురుగా రోడ్డు, చెరుకు, పొగగొట్టాలు. బిక్షపతి చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"తప్పయింది తల్లీ," అని గొణిగి కాయను కొట్టాడు. పగల్లేదు.

"గట్టిగ అను," అంది కనకవ్వ. "గింత పెద్దూరికి ఇనపడొద్దా?"

బిక్షపతి గట్టిగా అన్నాడు.