కౌన్సిల్ మెంబరుగారి బొట్టు

మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా, ఎవరికి ఫస్టు క్లాసు వచ్చినా నానమ్మ ఒకటే మాట అనేది: "కౌన్సిల్ మెంబరుగారి రక్తం మరి!" మెంబరుగారంటే ఆవిడ తండ్రి. చెన్నపట్నం శాసనమండలికి గోదావరి జిల్లా నుంచి ఎన్నికైన వకీలు. ఆ రోజుల్లో పన్ను కట్టే ఆస్తిపరులకే ఓటు. అదేమంత పెద్ద గెలుపని నాకు లోపల అనిపించేది. ఆ మాట నానమ్మ ముందు అనే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు. ఆ మెంబరుగిరీ వల్ల మాకు మిగిలింది ఒక్క ఫోటో.

సభ్యులంతా మెట్ల మీద వరసలుగా నిలబడి తీయించుకున్న పెద్ద ఫోటో అది. అందరికీ తలపాగాలే, అందరికీ మెడదాకా గుండీలు పెట్టిన కోట్లే. అడుగున అచ్చేసిన పేర్లను చెదలు ఎప్పుడో తినేశాయి. అంతమందిలో మా మెంబరుగారెవరో చెప్పేది అద్దం మీది గంధం బొట్టు ఒక్కటే. ఏటా తద్దినం రోజున మొదట నానమ్మ తల్లి, ఆవిడ పోయాక నానమ్మ ఆ బొట్టు పెట్టేవారు. పాతది తుడవకూడదు, దాని మీదే కొత్తది పెట్టాలి. ముఖాలేమో చిన్నవి. అలా పెట్టగా పెట్టగా ఆయన ముఖమంతా గంధం కిందే ఉండిపోయింది. మేమంతా బొట్టుకే దణ్ణం పెట్టుకునేవాళ్లం.

నాన్నకు విశాఖపట్నం స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఆ ఫోటో సామానుతో పాటు లారీలో కూర్మన్నపాలెం వచ్చి, ముందుగదిలో కిటికీకి ఎదురుగా గోడెక్కింది. తొంభైల్లో ఒక తుపాను గాలికి కింద పడి అద్దం పగిలింది. నాన్న దాన్ని వన్‌టౌన్‌లో ఫ్రేములు కట్టే సాయిబుగారి దుకాణంలో ఇచ్చారు. తిరిగి తెచ్చుకోవడానికి వెళ్తే ఫోటో తళతళలాడుతోంది, బొట్టు లేదు.

"పాత అద్దం ఏదండీ?" అన్నారు నాన్న.

"ఏటి బాబూ, పగిలిపోనాది కదా, పారేసినాం. కొత్తది ఏసినాను. సూడండి ఎంత నీటుగున్నాదో!"

ఆయన తప్పేముంది? మేము చెబితే కదా.

తద్దినం దగ్గరపడింది. బొట్టు ఎక్కడ పెట్టాలి? మధ్య వరసలో కళ్లజోడాయన అని నాన్న. కాదు, పై వరసలో చివరి మీసాలాయన అని దువ్వాడ నుంచి వచ్చిన బాబాయి. ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్పారు. నానమ్మను అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. కోపమనుకున్నాం. ఆ రెండు రోజులూ సరిగా అన్నం కూడా తినలేదు.

తద్దినం రోజు పొద్దున్న అమ్మ ఆ ఫోటోను దించి, కిటికీ వెలుగులో ఒళ్లో పెట్టుకుని చూసింది. "ఇదిగో, ఇక్కడ చూడండి!" అంది.

ఏళ్ల తరబడి వెలుతురు తగిలి ఫోటో అంతా టీ రంగులోకి వెలిసిపోయింది. కిందివరసలో ఒక్క ముఖం మాత్రం నల్లగా, నిన్న తీసినట్టుంది. దాని మీద బొట్టు గొడుగు పట్టిందన్నమాట. నాన్నా బాబాయీ ఇద్దరూ తప్పే. మేము ఊపిరి పీల్చుకునేలోగా అమ్మ వేలు కొంచెం పక్కకు జరిగింది.

"ఇదేమిటి, ఈ పక్కాయన ముఖం కూడా కొంచెం నల్లగానే ఉందే?"

అప్పుడు లేచి కూర్చుంది నానమ్మ. "లారీ దిగేసరికి బొట్టు రాలిపోయిందే అమ్మాయ్. అడగడానికి మా అమ్మ లేదు. ఆయన పోయేనాటికి నేను పాలు మరవని పిల్లని, ముఖం నాకేం తెలుసు? ఉజ్జాయింపుగా పెట్టేశాను. ఇన్నేళ్లూ ఎవరికి దణ్ణం పెట్టానో ఏమో!" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత పెద్దావిడ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది.

అమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. "బాగా నల్లగా ఉన్నది మీ అమ్మగారు ఎక్కువ ఏళ్లు పెట్టిన చోటు, అత్తయ్యగారూ. మీ నాన్నగారు ఈయనే. ఆ చెవులు చూడండి, తలపాగా కిందనుంచి ఎలా బయటికొచ్చాయో. అచ్చం మీ చెవులే."

నానమ్మకు శుక్లాలు. నాన్న పేపరు చదివే భూతద్దం తెప్పించుకుని, ఫోటోకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. ఒక చెయ్యి తన చెవి మీదికి వెళ్లింది.

నాన్న గంధం గిన్నె తెచ్చారు. "ముఖం మీద వద్దురా, కోటు మీద పెట్టు" అంది. పెట్టాక, "ఆ పక్కాయనకీ పెట్టు. ఇన్నేళ్లు నాన్నా అని పిలిచి ఇప్పుడు కాదంటే ఏం బాగుంటుంది?" అంది.

నానమ్మ పోయాక కూడా మేము రెండు బొట్లూ పెడుతున్నాం. ఆ రెండో మెంబరుగారు ఏ జిల్లావారో, వాళ్లవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆయనకు విశాఖపట్నంలో కూడా ఒక కూతురు ఉండేదని వాళ్లకెవరైనా చెబితే బాగుండును.