రాయికి కట్టిన పట్టు పోగు

నిన్న పొద్దున మా అపార్టుమెంటు సంపులోకి ట్యాంకరు గొట్టం ధబీమని పడిన చప్పుడుకు, టీ వడగడుతున్న నా కుడి చెయ్యి దానంతటదే పిడికిలి బిగించుకుంది. గిన్నె జారి టీ అంతా గచ్చుపాలైంది. ముప్పై ఏళ్లైనా నిండని నేను పాత రోజులంటూ మొదలుపెడితే పెద్దలకు నవ్వు రావచ్చు గానీ, అనంతపురంలో అద్దె గదుల్లో సంగటి ముద్ద పంచుకుని డిగ్రీ చదివిన నా ఈడు ఆడపిల్లలకు ఆ పిడికిలి సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఊరి చివర రేకుల గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. నేను ధర్మవరం నేతపని వాళ్ల పిల్లను. నాతో ఉన్నామె యాడికి అనే ఊరి దగ్గర మెట్ట సేద్యం చేసేవాళ్ల అమ్మాయి; నాకంటే ఏడాది పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. రాగిపిండి, చెనిక్కాయలు అక్క ఊరి నుంచి, బియ్యం, చింతపండు మా ఇంటి నుంచి వచ్చేవి. పాఠ్యపుస్తకం ఇద్దరికీ ఒకటే. చెరి సగం చదివి మార్చుకుందామని అక్క దాన్ని మోకాలి కింద తొక్కిపెట్టి పర్రున నడుమకు చీల్చినప్పుడు, పుస్తకాలే లోకమైన నేను మొహం తిప్పుకున్నాను. అన్నీ సర్దుకున్నాం, నీళ్లు తప్ప. క్యాన్లు కొంటే నెల సగంలోనే పొయ్యి ఆరిపోతుంది గనుక, నాలుగు రోజులకొకసారి వచ్చే ఉచిత ట్యాంకరే మాకు దిక్కు.

ఆ ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకోవడం, బిందెలతో మొత్తుకోవడం మామూలే. గొట్టం కోసం పెనుగులాడి ఒకామె ముందుపళ్లు రాలగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఇంటామె, మేం పెద్దమ్మా అనేవాళ్లం, మొదటిరోజే చెప్పింది: "వీధిలో రచ్చ చేసినారంటే మీ చాప బయటికి ఇసురుతా." అంత తక్కువ అద్దెకు మరో గది దొరకదు. గది పోతే చదువు పోయినట్టే. నాయన నన్ను మగ్గం ముందు కూర్చోబెడతాడు, అక్క చేలోకి పోతుంది.

ట్యాంకరు ఏ వేళకు వస్తుందో తెలియదు కాబట్టి, పనులకు పోయేవాళ్లు వరుసలో తమకు బదులు ఒక రాయి పెట్టి పోయేవాళ్లు. ఎవరి రాయికి వాళ్ల గుర్తు: ఒకరికి తెగిన చెప్పు, మరొకరికి గుడ్డ పీలిక. గుర్తున్న రాయిని వీధిలో ఎంత గయ్యాళి కూడా ముట్టదు. గుర్తు లేనిది ఒట్టి రాయి, ఎవరైనా తన్నేయొచ్చు. మా రాయికి, నాయన మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టు పోగు కట్టేదాన్ని.

చివరి సంవత్సరం పరీక్షల్లో ఒకరోజు మధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో ఇద్దరం గదికి తిరిగి వచ్చేసరికి ట్యాంకరు వచ్చేసి ఉంది. మా రాయి గోడవార పడి ఉంది. దాని చోట ఎదురింటామె బిందె ఉంది.

"మా రాయి ఎవరు తీసినారు?" అంది అక్క.

"పోగు యాడుండాది దానికి? ఒట్టి రాయని తన్నినా."

"నువ్వే పెరికి పారేసింటావు!"

"నీ పోగు నాకెందుకే, పట్టుచీర నేయిచ్చుకునేదానికా?"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. అక్క ఆమె బిందెను కాలితో తన్నింది. అక్క జడను ఆమె చేతికి చుట్టుకుని కింద పడేసి, ట్యాంకరు చక్రానికేసి మొహం కొట్టింది. అక్క పెదవి చీలి నెత్తురు గడ్డం మీదికి కారింది. తరగతిలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని నేను, ఆ రాయినే రెండు చేతులా ఎత్తి, జడ పట్టుకున్న ఆ చేతి మీద వేశాను. ఎండిన చెనిక్కాయ చిట్లినట్టు చిన్న చప్పుడు. ఆమె అరుపు ఆ తర్వాత వచ్చింది. పట్టేవాళ్లు లేక గొట్టంలోంచి నీళ్లు మట్టిలోకి పోతూనే ఉన్నాయి.

పెద్దమ్మ పరుగున వచ్చింది. "రాయి ఎవరే ఏసింది?"

తోపులాటలో ఎవరూ సరిగా చూడలేదు. అక్క నెత్తురు తుడుచుకుంటూ లేచింది. "నేనే ఏసినా. దీనికి నోరే లేదు, ఇంక చెయ్యి యాడ లేస్తాది?"

అందరూ నమ్మారు. నేను తల వంచుకున్నాను. పొద్దు గూకకముందే అక్క పెట్టె, చాప వీధిలో పడ్డాయి. తన సగం పుస్తకం తీసుకుని యాడికి బస్సెక్కింది. మిగిలిన పరీక్షలకు ఊరి నుంచే వచ్చిపోయేది. ఆఖరి రోజు బస్సు దారిలో ఆగిపోయింది. ఆ ఒక్క పరీక్షా మళ్లీ రాయలేదు.

అక్క వెళ్లిన మర్నాడు వాకిలి ఊడుస్తుంటే తుమ్మకంపకు చిక్కుకున్న ఎర్ర పోగు కనిపించింది. అది తెగలేదు, ఎవరూ కోయలేదు. ముడి జారి ఊడిపోయింది, అంతే. పట్టు జారుతుంది గనుక, పోగులు అతికేటప్పుడు కొసను వెనక్కి తిప్పి బిగించే ముడి మా ఇళ్లలో ఆరేళ్ల పిల్లకు కూడా వచ్చు. పరీక్షకు పోయే తొందరలో నేను మామూలు ముడి వేసి పరుగెత్తాను. ఎదురింటామె అబద్ధం చెప్పలేదు.

నేనింకా గదిలో ఉన్న ఆ కొద్దిరోజులూ ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నీళ్లు పట్టుకోవడం చూశాను. ఒకసారి నా రాయి వంక చూసి, "ఈసారన్నా గట్టిగా కట్టుకో పాపా," అంది. కోపం లేకుండా అంది. దానికంటే నన్ను రాయితో కొట్టి ఉన్నా బాగుండేది.

ఇప్పుడు ఫోనులో వేలితో నొక్కితే ట్యాంకరు వస్తుంది. వరుసలు లేవు, రాళ్లు లేవు, పక్కింటివాళ్ల మొహమైనా నాకు సరిగా తెలియదు. ఆ కొట్లాటలు మళ్లీ రావాలని కోరుకోను. కానీ, నా కోసం నెత్తురు కారుతున్న నోటితో అబద్ధమాడే మనిషి ఈ నాలుగు అంతస్తుల్లో ఒక్కరైనా ఉన్నారా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అక్క ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ కుడుతుంది. నిన్న టీ మరకలు తుడిచి ఫోను చేశాను. "ఆయమ్మ ఆ పోగు పెరకకుండా ఉంటే నేనూ నీ మాదిరి టీచరమ్మనయ్యిందును కదే," అని ఎప్పటిలాగే నవ్వింది. వెనక మిషన్ల హోరు. ఎప్పటిలాగే ఊఁ అన్నాను. ఆ పోగు నా సగం పుస్తకంలో, చిరిగిన అంచు దగ్గర ఉంది. మనసులోదంతా రాసుకునే నా డైరీలో ఆ రోజు పేజీలో మాత్రం రెండే మాటలున్నాయి: నీళ్లు దొరకలేదు.