నాపరాతి దుమ్ము

జమ్మలమడుగులో రమీజా ఇదివరకు పొద్దుగూకే యాళకు వాకిట్లో నిలబడేది. నాపరాళ్ల పాలిషు మిషను కాడి నుంచి మొగుడు ఖాజాపీరు రాగానే అంగీ విప్పించి, గోడకేసి దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. ఎంత దులిపినా ఆయన వెంట బూడిదరంగు దుమ్ము ఇంట్లోకి వచ్చేది. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన పోయి ఆరు నెలలయింది. ఇప్పుడు ఆ పొద్దుకు ఆమె లోపల ఏసీ కింద చాపేసుకుని కూర్చుంటుంది. ఉక్కకు ఆయనకు ఊపిరాడదని పోయిన ఎండాకాలం కొన్నారు దాన్ని. ఈ ఎండాకాలం దాన్నుంచి చల్లగాలి రావడంలేదు. రిమోటు నొక్కి నొక్కి పదహారుకు తెచ్చింది. గాలి ఇంకా సన్నబడి, నీళ్లు కారబట్టినాయి.

మెకానిక్కు ఓబులేసు వచ్చి మూత తెరిచి, దుమ్మును ఆపే జాలీని బయటికి లాగినాడు. "ఇది ఏసీనా, పిండిమిషనా అక్కా? జాలీ ఇట్ల మూసకపోతే గాలి యాడ ఆడతాది? నువ్వు తగ్గించేకొద్దీ లోపల మంచు కడతాంది. మిషనేం చెడిపోలే. దీన్ని కడుక్కొనిరా, సరిపోతాది."

రమీజా కొళాయి తిప్పింది. జాలీ నిండా ఆ బూడిదరంగు దుమ్మే. ఆయన్ను తిన్నది అదే. ఆయన బట్టలు ఉతికి ఎవరెవరికో ఇచ్చేసినారు, ఆయన ఒంటిమీది నుంచి వచ్చిందంటూ ఇంట్లో మిగిలిందీ అదే. కొళాయి కట్టేసింది.

"కడగలేదేందక్కా?"

"ఎట్లుందో అట్లే పెట్టు నాయనా."

"ఉక్కకు సచ్చిపోతావు."

"ఫ్యానుంది గదా."

ఓబులేసు ఆమె మొగం చూసినాడు. తడవని జాలీని లోపలికి తోసి మూతేసినాడు.