ఆ పిల్ల గెలిచినాదా?

అట్టపెట్టె మూత తీయగానే ఎండు వేపాకు వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా పుస్తకాల మధ్య వేపాకు పెట్టడం సువార్తమ్మ టీచరు అలవాటు. పోయిన నెల కనిగిరిలో కొడుకు ఇంట్లో ఆమె కన్నుమూశారు. ఆటగాళ్ల జీవితాల మీద తను కొనుక్కున్న పుస్తకాలన్నీ నాకే చేర్చమన్నారట. నేనిప్పుడు మార్కాపురం దగ్గర ఒక బడిలో ఆటల టీచర్ని. ఆమె కొడుకే పెట్టె తెచ్చి బడిలోనే దించి వెళ్లాడు. అడుగున నీలం అట్ట పుస్తకం కనపడేసరికి ముందు దాన్నే పైకి తీశాను. నన్ను ఇంతదాకా తెచ్చింది ఆ ఇంగ్లీషు పుస్తకమే. కానీ దాన్ని నేనెప్పుడూ చదవలేదు, ఆమె చెప్తుంటే విన్నానంతే.

పుల్లలచెరువు పక్కన మా ఊరి బడికి ఆమె ఇంగ్లీషు టీచరు. ఆటల టీచరు లేకపోతే ఆ పనీ తనే నెత్తిన వేసుకున్నారు. చెప్తే నవ్వుతారు గానీ, ఆమెకు పరుగు రాదు, విజిల్ ఊదితే దగ్గొచ్చేది. మమ్మల్ని కంకర దారిలో పరిగెత్తించి, ఆయాసం తీరేలోగా ఎవరో ఒక ఆటగాడి కథ తెలుగులో చెప్పేవారు. అబద్ధం మాత్రం ఆమె దగ్గర కుదరదు. ఒకసారి తనిఖీకి అధికారి వచ్చాడు. ఆటల సామాను అంతా ఉందని చెప్పమని పెద్దసారు కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆమె మాత్రం “బంతి ఒకటుంది సార్, దాన్లో గాలి లేదు” అనేశారు. మేమంతా నోరెళ్లబెట్టాం. పెద్దసారు చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒంగోలులో జరిగే పరుగు పోటీలకు నా పేరు పంపారు. నాయన ససేమిరా అన్నాడు. ఆ ఏడు వాన లేదు, మేత లేదు, గొర్రెలను నల్లమల వైపు తోలుకుపోవాలి, దానికి ఇంకో మనిషి కావాలి. బడే మాన్పించాలని చూస్తున్నవాడు పోటీలకేం పంపుతాడు! టీచరు వాదించలేదు. ఒక సాయంత్రం మా గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చి, బండ మీద కూర్చుని, ఈ నీలం పుస్తకం తెరిచారు. ఎక్కడో చలికొండల్లో మేకలు కాసే ఇంట్లో పుట్టి, పరుగు పందేల్లోకి దిగిన ఒక పిల్ల కథ అది. నాయన వీపు తిప్పుకుని గొర్రెలకు తుమ్మకాయలు వేస్తున్నాడు. మేకల మాట వినపడగానే తిరిగాడు. అంత చలికి మేకపిల్లలు చచ్చిపోవా, గాలికుంటు రోగం వస్తే ఏం మందు పెడతారు అని ఒకటే ప్రశ్నలు. పరుగు కంటే మేకల సంగతే ఎక్కువ పట్టింది మహానుభావుడికి! ఇక రోజూ ఆమె వచ్చేవారు, తెలుగులో చదివి చెప్పేవారు. కొన్నాళ్లకు ఆమె వచ్చే వేళకు నాయనే బండ తుడిచి ఉంచడం మొదలుపెట్టాడు.

కథలో ఆ పిల్ల అన్నిటికన్నా పెద్ద పోటీకి వచ్చి గీత మీద నిలబడింది. అక్కడ టీచరు పుస్తకం టపీమని మూసేశారు.

“పాపను ఒంగోలు పంపన్నా, మిగతాది వచ్చి చెప్తా.”

అప్పుడు నాయన ముఖం చూడాలి! తిట్టలేడు, ఊరుకోలేడు. తెల్లారేసరికి దిగొచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు.

“ఒక్కసారే పంపుతా. ఓడిపోయొస్తే ఇంక గొర్రెల ఎంటే.”

ఓడిపోయాను. అంత పెద్ద మైదానం చూసే సగం బెదిరిపోయాను. చివరి మలుపులో కాళ్లు చచ్చుబడ్డాయి, అప్పటిదాకా ముందున్న నన్ను ముగ్గురు దాటిపోయారు. తిరుగు బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. నా బడి, నా పరుగు అన్నీ ఆ రోజుతో సరి అనుకున్నాను. పక్కన టీచరు నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మా ఊరి రోడ్డు మీద బస్సు దిగేసరికి నాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను కన్నెత్తి కూడా చూడలేదు.

“టీచరమ్మా, ఆ పిల్ల గెలిచినాదా?”

టీచరు నా వైపు చూశారు, తర్వాత ఆయన వైపు చూశారు.

“లేదన్నా. నాలుగో స్థానం. మన పాప లాగే.”

నాయన పక్కనున్న మైలురాయి మీద కూలబడ్డాడు. సొంత మనిషికి ఏదో జరిగినట్టు ముఖం పాలిపోయింది.

“మరి ఓడిపోయినదాని మీద పుస్తకమెందుకు రాసినారు?”

“మళ్లీ పోయింది కాబట్టి.”

ఆయన చాలాసేపు కర్రతో నేల గీకుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, నా సంచి తన భుజాన వేసుకుని, మళ్లీ పోటీలెప్పుడని ఆమెను అడిగాడు. నేను గొర్రెల వెంట పోలేదు. మరుసటి ఏడు గెలిచాను. ఆ తర్వాత వచ్చిన హాస్టలు సీటూ, ఈ ఉద్యోగమూ ఆ గెలుపు చలవే.

మొన్న ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. చివరి అధ్యాయం చదివాక నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. మళ్లీ చదివాను. ఆ పిల్ల గెలిచింది! అందరికంటే ముందు వచ్చింది, మెడలో బంగారు పతకం వేయించుకుంది. బంతిలో గాలి లేదని అధికారి ముఖం మీదే చెప్పిన మనిషి, నడిరోడ్డు మీద నిలబడి, రెప్ప వేయకుండా మా నాయనకు అబద్ధం చెప్పారు. నన్ను బతికించడానికి చెప్పారు. ఏడుపు ఆపుకోలేక నాయనకు ఫోన్ చేసి, ఆ పిల్ల గెలిచిందని చెప్పాను. ఏ పిల్ల అని కూడా ఆయన అడగలేదు.

“నాకు తెలుసు. నువ్వు ఓడిపోయొచ్చిన తర్వాతి వారమే టీచరమ్మ వచ్చి చెప్పేసినాది. ఈ అబద్ధం మోయలేకున్నానన్నా, ఇంక నీ ఇష్టం అన్నాది.”

ఇన్నేళ్లూ ఒక్కనాడైనా ఆ సంగతి బయటపెట్టలేదీ మనిషి! అన్నీ తెలిసి కూడా నన్ను గొర్రెల వెంట ఎందుకు తోలలేదని అడిగాను. ఆయన అవతల గొర్రెలను అదిలిస్తూనే చెప్పాడు.

“అట్లాంటి మనిషి నీ కోసం అబద్ధమాడినాది పాపా. నీ కాళ్లల్లో ఏముందో ఆమెకు కనపడకుంటే ఆడుతాదా? ఇంక నేనేమని అడ్డం పడేది?”

ఈ వారం నుంచి మా బడి పిల్లలకు ఆ పుస్తకం చదివి వినిపిస్తున్నాను. ఆ పిల్ల గీత మీద నిలబడిన చోట నిన్న ఆపేశాను. శనివారం వీళ్లకు గిద్దలూరులో పోటీలున్నాయి. బస్సు దిగాక వాళ్ల ముఖాలు చూసి మిగతాది చెప్తాను.